పదమూడో గుంట

మేత కొట్టు మీద మేడగది మా ల్యాబు.
కింద చేపపొడి కంపు, పైన స్పిరిట్ వాసన.
మధ్య మెట్ల మీద, సంచుల్లో రొయ్యపిల్లల్ని పట్టుకొని
ఆస్పత్రి వరండాలో లాగా గొంతు తగ్గించి
కూర్చునే రైతులు.

ముప్పై అయిదు సార్లు వేడెక్కి, ముప్పై అయిదు సార్లు చల్లారి
నా యంత్రం ఒక్క మాటే చెబుతుంది.
ఉంది. లేకుంటే, లేదు.
తెల్లమచ్చ ఉందనే సంగతి నేను ఫోన్లో చెప్పను.
పైకి రమ్మంటాను. కుర్చీ చూపిస్తాను.

ఈ ఏడు గంగపట్నం గుంటల మీదికి
దస్తగిరి వచ్చాడు, బుచ్చిరెడ్డిపాళెం పిల్లోడు,
రేడియో తరంగాల మీద పరిశోధన.
గుంటకో వెదురు గెడ, గెడకో తెల్ల డబ్బా,
డబ్బాలోంచి నీళ్లలోకి జారిన తీగ.
నీళ్లలో ఊపిరెంతుందో కొలిచి
అది పక్క డబ్బాకి చెబుతుంది, పక్కది ఆ పక్కదానికి.
"ఊరిదాకా అరిచే బలం ఏ డబ్బాకీ లేదక్కా,
పక్కింటికి వినబడితే చాలు."

మొదటి నెల్లోనే ఉప్పుగాలి స్క్రూలు తినేసింది.
రెండో నెల్లో తొమ్మిదో డబ్బా మూగబోయింది.
పోయి చూస్తే యాంటెన్నా మీద నీటికాకి,
తడి రెక్కలు బార్లా చాచుకొని.
దస్తగిరి దాన్ని తోలలేదు. టైము రాసుకున్నాడు.

అసలు చిక్కు పదమూడో గుంట.
అది వెంకురెడ్డిది. పద్నాలుగు ఆయన బావమరిదిది.
గట్టు కాడ మొదలైన తగువు, కోర్టులో తొమ్మిదేళ్లు.
పద్నాలుగు కబురు పదమూడు మీదుగానే రావాలి.
వెంకురెడ్డి డబ్బా పీకి గడ్డిలో పడేశాడు.
"నా కరెంటుతో వాడి కబురు మోయాల్నా?"
"కరెంటు కాదన్నా, ఎండతో నడస్తది."
"నా గుంట మీద పడే ఎండ నాది కాదా?"
దస్తగిరి థీసిస్‌లో దీనికి జవాబు లేదు.

మూడోనాటి రాత్రి కాపలా పోలయ్య ఫోను.
"అమ్మా, నీళ్లు ఎలగతా ఉండాయి."

టార్చి ఆర్పమన్నాడు. అమావాస్య.
దక్షిణాన కృష్ణపట్నం రేవు దీపాలు తప్ప ఏమీ లేదు.
పద్నాలుగో గుంటలో ఆయన చెయ్యి ముంచి తిప్పాడు.
వేళ్ల వెంట ఆకుపచ్చ మంట, కాలని మంట.

వాటి గురించి చదివాను, నిరుడు కూడా.
ఒంటరిగా ఉన్న విబ్రియో వెలగదు.
నీళ్లలోకి తన రుచి కొంచెం వదిలి
అదే రుచి తిరిగి ఎంత తగులుతుందో చూసుకుంటుంది.
చీకట్లో అట్లా తలలు లెక్కపెట్టుకొని
చాలినంత మందిమి అయ్యామనుకున్నాక
అన్నీ ఒక్కసారే దీపం పెడతాయి.
విషమూ అప్పుడే.

"అవి మాట్లాడుకుంటాయి పోలయ్యా."
"మాట్లాడుకోవా? రొయ్యలకి చెప్పకండా
మాట్లాడుకుంటన్నాయి, అదీ తంటా."

లాప్‌టాప్‌లో పద్నాలుగో గుంట గీత
మూడు రోజుల కింద ఆగిన చోటే ఆగి ఉంది.
ఇంటికొస్తుంటే బండి కుదుపుకి
ఒళ్లో నీళ్ల సీసా రెండుసార్లు వెలిగింది.

తెల్లారి వెంకురెడ్డి నేను పిలవకుండానే వచ్చి
ఆ కుర్చీలో కూర్చున్నాడు.
పద్నాలుగు నీళ్లు వదిలే కాలవలోనే
పదమూడు మోటారు ముంచి తోడుతుంది.
"వాడి గుంటలో ఏందంట?"
ఒకరి రిపోర్టు ఇంకొకరికి చెప్పబడదని
గోడ మీద రాసింది నేనే.
"రాత్రికి టార్చి లేకుండా గట్టు మీద నిలబడన్నా" అన్నాను.

రాత్రి మూడూ పదికి దస్తగిరి లేపాడు.
పద్నాలుగు గీత కదిలింది.
రెండు పాయింట్ ఆరు, రెండు పాయింట్ నాలుగు.
అవతల ఏరియేటర్లు ఒక్కొక్కటే మొదలైన చప్పుడు.

పద్నాలుగులో సగం రొయ్య పోయింది, అది వేరే లెక్క.
పొద్దున పోయి చూశాం.
పదమూడో గెడకి డబ్బా మళ్లీ ఉంది,
చిరిగిన వలతాడుతో నాలుగు చుట్లు కట్టి,
తలకిందులుగా.
దస్తగిరి సరిచెయ్యబోయాడు.
వద్దన్నాను. వినబడుతోంది కదా.